భూమి హక్కును గూర్చి మితవాద పరిశోధన సంస్థల మాట – ఉట్నూరు అనుభవము

సహకార సంఘ సభ్యులగు రైతు సోదరులకు ఈ నెల విత్తనమును గూర్చి గాని, ఎరువును గూర్చి గాని వ్రాయక, మన చేని గట్టునకు మిక్కిలి దూరమున గూర్చుండి మన చేనిని గూర్చి వ్రాయుచుండు కొన్ని సంస్థలను గూర్చి తెలుపదలచితిని. వీనిని విధాన పరిశోధన సంస్థలందురు. ఇవి ఎన్నికలలో నిలువవు, ఓటు నడుగవు. పన్నులు, ధరలు, భూమి హక్కులు, ఋణములు మున్నగు విషయములను లెక్కలతో పరిశీలించి, చిన్న పుస్తకములుగా అచ్చువేసి, మంత్రులకును శాసనసభ్యులకును పత్రికలవారికిని పంపుచుండును. నేడు పుస్తకములో నున్న మాట పది యిరువది యేండ్లకు చట్టమై మన పట్టా పుస్తకములోనికి వచ్చుట కలదు. కావున వారేమి చెప్పుచున్నారో మనము తెలిసికొనుట అవసరము.

ఇట్టి సంస్థలలో మితవాద పక్షమునకు చేరువైనవి కొన్ని గలవు. సొత్తుపై హక్కు వ్యక్తికి స్థిరముగా నుండవలెననియు, సర్కారు వర్తకములో తక్కువగా చేయి పెట్టవలెననియు, రైతు తన పంటను తనకు నచ్చినచోట అమ్ముకొనవలెననియు వాని వాదము. వీనిలో పేరెన్నికగన్న యొక సంస్థను ఇంగ్లండులో స్థాపించినవాడు మనవలె వ్యవసాయదారుడే. అతని పేరు ఆంటనీ ఫిషరు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన దినములలో అతడు ఫ్రీడ్రిక్ హయెక్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుని దర్శించి, తాను రాజకీయములలో ప్రవేశింపదలచితినని చెప్పెను. హయెక్ అందులకు వలదని, ముందు పండితుల యొక్కయు పత్రికా రచయితల యొక్కయు ఆలోచనను మార్చుటకు ఒక పరిశోధన సంస్థను పెట్టుమని సలహా యిచ్చెను. తరువాత ఫిషరు పశువుల మంద గాలికుంటు వ్యాధి పాలయ్యెను. అతడు అమెరికాలో కోళ్ల పెంపకపు క్రొత్త పద్ధతిని చూచి వచ్చి, కోళ్ల వ్యాపారమున విశేషముగా ధనమార్జించి, 1955లో లండను నగరమున ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్ అను సంస్థను నెలకొల్పెను. 1979లో మార్గరెట్ థాచరు ప్రధానమంత్రి యైన పిమ్మట ఆ సంస్థవారి మాటలు పెక్కులు ప్రభుత్వ విధానములయ్యెను. కోళ్లు పెంచుకొను సోదరులు ఈ కథను మరువకుందురు గాక!

మన దేశమున 1956లో ఏ. డి. ష్రాఫ్ గారు బొంబాయిలో ఫోరం ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అను సంస్థను స్థాపించిరి. అంతకు ముందు సంవత్సరమే బి. ఆర్. షెనాయ్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు రెండవ పంచవర్ష ప్రణాళికను గూర్చి తన అసమ్మతిని లిఖితపూర్వకముగా తెలిపి, ఆదాయమునకు మించిన ఖర్చు ధరలను పెంచునని హెచ్చరించెను. ఇట నొక మాట. సంఘము యొక్క జమాఖర్చులను ఏటేట తనిఖీ చేయించు మనము, ఒక పరిశోధన పుస్తకము చేతికి వచ్చినపుడు దాని అచ్చు ఖర్చు ఎవరిచ్చిరని అడుగుటలో తప్పు లేదు. వర్తకుల ధనముతో నడచు సంస్థ వర్తకమును మెచ్చుకొనుట సహజము. అంతమాత్రమున అది చెప్పినదెల్ల అసత్యమని త్రోసివేయరాదు.

సహకార సభ్యులమగు మనకు ముఖ్యమైన ఘట్టము 1959లో జరిగినది. ఆ యేడు జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ, మూడేండ్లలో దేశమంతట సేవా సహకార సంఘములను ఏర్పరచి, అటుపిమ్మట భూములను కలిపి సమష్టి సహకార సేద్యము చేయవలెనని తీర్మానించెను. చిన్న కమతములవారు ఒంటరిగా బావి త్రవ్వలేరు, యంత్రము కొనలేరు, కలిసినచో కొనగలరని నెహ్రూ పక్షమువారి యభిప్రాయము. ఇందులో న్యాయము లేకపోలేదు. దీని నెదిర్చినవారిలో అగ్రగణ్యులు గుంటూరు జిల్లా నిడుబ్రోలు వాస్తవ్యులు ఆచార్య ఎన్. జి. రంగా గారు. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన వీరు 1926లోనే డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థను గూర్చి గ్రంథమును ప్రకటించిరి. నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నడపి రైతు కార్యకర్తలను తయారుచేసిరి. తన చేను తనది కానప్పుడు రైతు కూలివాడగునని వారి వాదము. 1959లో రాజగోపాలాచారి, మీనూ మసానీ ప్రభృతులతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి ప్రథమాధ్యక్షులైరి. ఆ పార్టీకి లోక్‌సభలో 1962లో 18, 1967లో 44 స్థానములు లభించినవి. 1974లో అది భారతీయ లోక్‌దళములో కలిసిపోయినది.

రంగాగారు విత్తనములు, ఎరువులు, అప్పులు ఇచ్చు సేవా సంఘములను కాదనలేదు. గట్లు చెరిపి భూములు కలుపుటనే కాదనిరి. తుదకు సమష్టి సేద్యము దేశమున పాదుకొనలేదు. సేవా సంఘము నిలిచినది. మన సంఘము ఆ రెండవ తెగకు చెందినదే. నడిరాత్రి లేచి నీరు కట్టువాడు ఎవని కొరకు కట్టునో, ఆ సంగతిని ఈ పక్షమువారు చక్కగా గ్రహించిరని నా యభిప్రాయము.

ఇక మన ఉట్నూరు సంగతి. ఇచట గోండులు, కొలాములు తరతరములుగా దున్నిన భూములకు నిజాము కాలమున పట్టాలు లేకుండెను. అడవులను రిజర్వు చేసినపుడు వారు వెడలగొట్టబడిరి. 1940లో జోడేఘాటు వద్ద కుమ్రం భీము వధింపబడెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని పరిశీలనకై నియోగించెను. ఆయన భార్యాసమేతముగా మార్లవాయిలో కాపురముండి, గోండీ నేర్చి, వ్రాసిన నివేదికలు 1945లో గ్రంథరూపమున వెలువడినవి. వాని ఫలితముగా మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలైనది. వేలాది కుటుంబములకు పట్టాలు దొరికినవి. ఇదియు విధాన పరిశోధనయే. పట్టణమున నుండి వ్రాయు ఏ పక్షమువారైనను ఇట్టి కాపురము కొంతకాలము చేసిన బాగుండును.

పట్టా చేతికి వచ్చినను నిలువలేదు. బాటలు పడినవి, వలస వచ్చినవారును, షావుకార్లును చేరిరి. ఉప్పునకు, చీరకు, పెండ్లికి చేసిన అప్పు క్రింద చేలు పోయినవి. అందుచే 1959 నాటి భూ బదిలీ నిబంధనను 1963లో తెలంగాణమునకు వర్తింపజేసి, 1970లో మరింత బిగించిరి. షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనేతరునకు బదిలీ యగుట చెల్లదు. మితవాద పరిశోధకులు కొందరు దీనిని తప్పుపట్టుదురు. అమ్మరాని భూమికి ధర యుండదనియు, ధర లేని భూమిపై బ్యాంకు అప్పీయదనియు, అందుచే గిరిజన రైతు దరిద్రమున నే యుండుననియు వారి తర్కము. కాగితముపై ఇది నేరుగనే యున్నది. కాని అమ్ముకొను స్వేచ్ఛ సమానముగా తూచగల యిద్దరి నడుమ ఉండవలసినది. లెక్క వ్రాయువాడు ఒక్కడే, వ్రేలిముద్ర వేయువాడు వేరొకడు అయినచోట దానిని బేరమనుట యెట్లు?

స్థిరమైన హక్కు కావలెనన్న వారి మాట మాత్రము ఇచటను నిజమే. కాగితము లేని పోడు చేనిలో గట్టు వేయుమని, మామిడి నాటుమని నేను చెప్పినపుడు రైతు వినును, చేయడు. రేపు అటవీ అధికారి వచ్చి లెమ్మనునేమో యని అతని భయము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఈ భయమును కొంత తీర్చినది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో నున్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండ, భార్యాభర్త లిరువురి పేర హక్కు పత్రమిచ్చుదురు. అది బిడ్డలకు సంక్రమించును, అమ్ముటకు వీలులేదు. 2023 జూన్ 30న ఆసిఫాబాదులో పోడు పట్టాల పంపిణీ ప్రారంభమైనపుడు ఇచ్చినవి ఈ తరహా పత్రములే.

అప్పు పుట్టదన్న వాదమునకు సమాధానము మన చేతిలోనే కొంత యున్నది. తాకట్టు లేని వ్యవసాయ ఋణపు పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి 1 లక్షా 60 వేల రూపాయల నుండి 2 లక్షలకు పెంచినది. చిన్న కమతములో ప్రత్తికి గాని జొన్నకు గాని కావలసిన పంట ఋణము సాధారణముగా అంతకు లోబడియే యుండును. పోడు హక్కు పత్రము గల సభ్యులు దాని నకలును, ఆధారు కార్డును, బ్యాంకు పుస్తకమును తీసికొని మృగశిర కార్తెకు ముందే సంఘ కార్యాలయమునకు వచ్చి కిసాను కార్డునకు దరఖాస్తు చేసికొనవలెను. పత్రములో సర్వే హద్దులు తప్పుగా నున్నవారు ముందు ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలో విచారించి రావలెను.