చేతిలో మీట – నెత్తిన పంకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరప్రాంతవాసులను వేసవిలో ఎండకంటె ఉక్కపోతే ఎక్కువగా బాధిస్తుంది. ఇచ్ఛాపురం మొదలు భోగాపురం వరకు సాగిన ఈ తీరంలో సముద్రపు గాలి తేమను మోసుకొని వస్తుంది. గాలిలో తేమ హెచ్చినకొద్దీ చెమట ఆరడం ఆలస్యమవుతుంది; చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. పంకా చేసే పని గదిని చల్లబరచడం కాదు. ఒంటిచుట్టూ పేరుకొన్న తేమగాలిని తొలగించి చెమట ఆరడానికి తోడ్పడడమే దాని పని. అందువల్ల మనుషులు లేని గదిలో తిరిగే ఫ్యాను వల్ల కరెంటు బిల్లు పెరగడం తప్ప వేరే ఫలితం ఉండదు.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా తాటాకు విసనకర్ర ఉండేది. మట్టిగోడలతో, తాటాకు కప్పుతో గుండ్రంగా కట్టుకొన్న చుట్టిళ్ళు తుఫాను గాలులకు తట్టుకొని నిలవడమే కాక లోపల చల్లగానూ ఉండేవి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించిన తరువాత ఉత్తరాంధ్రలో విద్యుత్ సరఫరా క్రమంగా విస్తరించింది. చుట్టిళ్ళ స్థానంలో సిమెంటు మేడలు వెలసిన కొద్దీ ఫ్యాను విలాసవస్తువు స్థాయి నుంచి నిత్యావసరం స్థాయికి చేరుకొంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయేవరకు వేడిని వదలదు మరి.

గోడమీది రెగ్యులేటరు తిప్పడానికి లేవడం పడుచువారికి పెద్ద పని కాదు. అయితే పిల్లలు విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో ఉపాధికై వెళ్ళగా ఊళ్ళో మిగిలిన వృద్ధుల పరిస్థితి వేరు. తెల్లవారుజామున చలివేసినప్పుడు, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగి చీకట్లో స్విచ్చి వెతుక్కొనే అవస్థ వారికే తెలుస్తుంది. రిమోటు అటువంటివారికి నిజమైన ఊరట. నిర్ణీత వ్యవధి తరువాత ఫ్యాను దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు కూడ చాలా నమూనాలలో ఉంటుంది.

రిమోటుతో పనిచేసే ఫ్యాన్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పాత ఫ్యానుకే రిసీవరు అనే చిన్న పెట్టెను జోడించే పద్ధతి. ఫ్యాను పైభాగాన ఉండే గిన్నె ఆకారపు మూతలో ఆ పెట్టె ఇముడుతుంది. రెండవది బి.ఎల్.డి.సి. మోటారు గల కొత్త ఫ్యాను. సాధారణ ఫ్యాను పూర్తివేగంతో తిరిగేటప్పుడు సుమారు 75 వాట్ల విద్యుత్తు తీసుకొంటుంది. బి.ఎల్.డి.సి. ఫ్యానులో తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. తీగచుట్టలకు ఎప్పుడు ఎంత విద్యుత్తు అందాలో ఒక ఎలక్ట్రానిక్ పలక నిర్ణయిస్తుంది. అందుచేత దానికి 28 నుంచి 35 వాట్లు సరిపోతాయి. రోజుకు 15 గంటలు వాడే ఇంట్లో 45 వాట్ల తేడా అంటే నెలకు దాదాపు 20 యూనిట్లు ఆదా. 2023 జనవరి 1 నుంచి మనదేశంలో సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి అయింది. కొనేముందు రిమోటు రంగును కాక ఆ లేబులును చూడడం వివేకం.

ఏ రకమైనా బిగించే పని రిమోటుతో కాక కొక్కెంతో మొదలవుతుంది. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరిగితే దాని రెక్క కొస గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. జాతీయ రహదారిపై పోయే లారీ వేగం అది! అంతటి వేగంతో తిరిగే వస్తువు నిద్రించే మనిషి తలపై ఒక్క ఇనుప కొక్కేనికి వేలాడుతుంది. కొక్కెం శ్లాబులోని ఇనుప చువ్వలతో కలిసి సిమెంటులో గట్టిగా కూరుకొని ఉండాలి. తరువాత శ్లాబుకు కన్నం పెట్టి బిగించిన కొక్కేన్ని తగిన పరీక్ష లేకుండా నమ్మరాదు. పెంకుటింటిలో దూలానికి వేలాడదీసేటప్పుడు ముందు ఆ కర్రను సుత్తితో తట్టి చూడాలి. చెదలు తిన్న దూలం బోలుగా మోగుతుంది.

పని మొదలుపెట్టే ముందు మెయిను స్విచ్చి ఆపి, తీగలలో విద్యుత్తు లేదని టెస్టరుతో నిర్ధారించుకోవాలి. ఆ టెస్టరు సరిగా పనిచేస్తున్నదో లేదో ముందుగా కరెంటున్న చోట పెట్టి చూడడం అనుభవజ్ఞుల అలవాటు. కొక్కేనికి తగిలించే రబ్బరు గిలక, బోల్టు, నట్టు, ఆ నట్టు ఊడకుండా కాపాడే స్ప్లిట్ పిన్ను – వీటిలో ఏ ఒక్కటి లోపించినా బిగింపు అసంపూర్ణమే. స్ప్లిట్ పిన్ను రెండు కాళ్ళను విడదీసి వంచడం మరచిపోయే మెకానిక్కులు లేకపోలేదు. ఫ్యానుతో భద్రతా తీగ ఇచ్చినట్లయితే దానిని వేరుగా కొక్కేనికి చుట్టాలి. రెక్కలు నేలకు సుమారు 8 అడుగుల ఎత్తున, కప్పుకు కనీసం ఒక అడుగు దిగువన ఉండాలి. కప్పుకు మరీ దగ్గరైతే పైనుంచి గాలి అందక ఫ్యాను వట్టినే తిరుగుతుంది.

తీగల విషయంలో జరిగే ముఖ్యమైన పొరపాటు పాత రెగ్యులేటరును అలాగే ఉంచడం. బి.ఎల్.డి.సి. ఫ్యానుకు రెగ్యులేటరు పనికిరాదు. దానిని తొలగించి స్విచ్చి నుంచి నేరుగా తీగ కలపాలి. లేకుంటే లోపలి ఎలక్ట్రానిక్ పలక చెడిపోవచ్చు. ఎర్తు తీగను వదిలివేయరాదు. స్విచ్చి ఫేజు తీగపైననే ఉండాలి. న్యూట్రల్ తీగపై ఉంటే స్విచ్చి ఆపినప్పుడు ఫ్యాను ఆగుతుంది కాని, పైనున్న తీగలలో ప్రాణాంతకమైన విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది.

ఇంచుమించు ఇటువంటి భ్రమనే రిమోటు కూడ కలిగిస్తుంది. రిమోటు మీట నొక్కినప్పుడు ఆగేది రెక్కల తిరుగుడు మాత్రమే. మళ్ళీ సంకేతం వస్తే అందుకోవడానికి రిసీవరు మేలుకొనే ఉండాలి కనుక విద్యుత్తు దానివరకు వస్తూనే ఉంటుంది. ఇంటిల్లిపాదిలో ఎవరి చేయి తగిలినా ఫ్యాను తిరగవచ్చు. ఫ్యాను తుడవడానికి స్టూలెక్కిన మనిషి రిమోటుతో ఆపి ఊరకుంటే చాలదు. గోడమీది స్విచ్చిని, వీలైతే మెయిను స్విచ్చిని ఆపాలి. ఈ ఒక్క సంగతి తెలియక జరిగే ప్రమాదం రిమోటు ఇచ్చిన సుఖాన్నంతటినీ తుడిచిపెట్టగలదు.

రిమోట్లలో కొన్ని టి.వి. రిమోటువలె కంటికి కనిపించని పరారుణ కిరణాలతో పనిచేస్తాయి. వాటిని ఫ్యానువైపు చూపాలి. నడుమ అడ్డం ఉండరాదు. రేడియో తరంగాలతో పనిచేసే వాటికి ఆ నియమం లేదు. కాని స్విచ్చి వేసిన కొద్ది క్షణాలలో నిర్దిష్టమైన మీట నొక్కి ఫ్యానుతో జతచేయాలి. ఒకే గదిలో ఒకే నమూనా పరారుణ ఫ్యాన్లు రెండుంటే ఒక రిమోటుకు రెండూ స్పందిస్తాయి. పరారుణ రిమోటు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. సెల్‌ఫోను కెమెరాలో చూస్తూ మీట నొక్కితే దాని కొసన చిన్న వెలుగు కనిపిస్తుంది, అయితే కొన్ని కెమెరాలలో కనిపించకపోవచ్చు. చాలాకాలం వాడనప్పుడు రిమోటులోని బ్యాటరీలను తీసి ఉంచాలి. వాటినుంచి రసాయనం కారితే రిమోటులోని లోహపు పట్టీలు తుప్పు పడతాయి.

ఈ తీరంలో ఫ్యానుకు దుమ్ముకంటె ఉప్పుగాలి పెద్ద శత్రువు. కళింగపట్నం, బారువ వంటి తీరగ్రామాల ఇళ్ళలో ఇనుప మేకులు తుప్పెక్కడం ఎవరికీ కొత్త కాదు. కొక్కెం, నట్టు, స్ప్లిట్ పిన్ను కూడ ఇనుమే. ఏటా వేసవికి ముందు గిన్నెమూతను దించి వాటిని పరిశీలించాలి. తుప్పుపట్టిన పిన్నును మార్చడానికయ్యే ఖర్చు అత్యల్పం. రెక్కలను తుడవడానికి పాత దిండుగలీబును రెక్కకు తొడిగి మెల్లగా లాగితే దుమ్ము పక్కపై రాలదు. రెక్కలను వంచరాదు, మోటారులోకి నీరు పోనీయరాదు. ఫ్యాను ఊగుతుంటే మొదట మరలు బిగించి, ఆపై కప్పునుంచి ప్రతి రెక్క కొసకు ఉన్న దూరాన్ని కొలిచి చూడాలి. తేడా ఉంటే వంగిన రెక్క ఏదో తెలుస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేశాయి. స్తంభాలు కూలి అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. అటువంటి వేళ ఇన్వర్టరు బ్యాటరీతో ఒక పాత ఫ్యాను తిరిగేచోట రెండు బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు తిరుగుతాయి. అయితే సరఫరాను పునరుద్ధరించేటప్పుడు న్యూట్రల్ తీగ వదులై ఉంటే కొన్ని ఇళ్ళకు 230 వోల్టులకు చాలా మించిన వోల్టేజి రావచ్చు. పాత ఫ్యాను దానిని కొంతవరకు తట్టుకొన్నా ఎలక్ట్రానిక్ పలక తట్టుకోలేకపోవచ్చు. అందుచేత తుఫాను హెచ్చరిక రాగానే స్విచ్చి ఆపి, కరెంటు నిలకడగా వస్తున్నదని తేలిన తరువాతనే వేయాలి.

పాత ఫ్యాను నెమ్మదిస్తే చాలాసార్లు లోపం కెపాసిటరులోనే ఉంటుంది. ఊళ్ళోని మెకానిక్కు కొద్ది ఖర్చుతో దానిని మారుస్తాడు. కొత్త ఫ్యానులో పలక పోతే ఆ కంపెనీ పలకే కావాలి. అది పల్లెలో వెంటనే దొరకదు. నగరంలోని కొడుకు కొని పంపిన ఫ్యానుకు వారంటీ కాగితం ఊళ్ళోని తల్లిదండ్రుల వద్ద ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. రిమోటు పోయిన రాత్రి గోడమీది స్విచ్చే దిక్కు కనుక అది చేతికందే చోట ఉండాలి. మంచంపట్టిన మనిషి ఉన్న ఇంట్లో రిమోటును ఒక నవారు ముక్కతో మంచపుకోడుకు కట్టి ఉంచితే సరిపోతుంది.