జేబులో చిన్న చాకు ఉంటే నేరమా? ఇంట్లో, మెట్రోలో, విమానంలో ఏది చెల్లుతుంది?

ఇలా ఊహించుకోండి. నాన్న వాడిన పాత మడత చాకు. ఇత్తడి పిడి అరిగి నున్నబడింది. మామిడికాయలు కోయడానికి, పార్శిల్ దారాలు తెంపడానికి ఆయన దాన్ని ముప్పై ఏళ్లు జేబులో పెట్టుకు తిరిగారు. ఆయన పోయాక మీరు దాన్ని తాళాల గుత్తికి తగిలించుకున్నారు. ఓ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో మీ బ్యాగు స్కానర్ దగ్గర ఆగింది. ‘‘సర్, ఇది లోపలికి రాదు’’ అన్నారు భద్రతా సిబ్బంది. విమానానికి ఇంకా 40 నిమిషాలే ఉంది. చాకును వదిలేయాలా, విమానాన్నా?

పొద్దున ఇంట్లో అది వంటింటి సామాను. దారిలో పోలీసు తనిఖీలో కనిపిస్తే ప్రశ్న. విమానాశ్రయంలో నిషిద్ధ వస్తువు. గొడవలో బయటకు తీస్తే ఆయుధం. చాకు మారలేదు, చోటు మారింది. అందుకే ‘‘ఎన్ని అంగుళాల వరకు ఉంచుకోవచ్చు?’’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే చాలదు. ఎలాంటి చాకు, ఎక్కడికి, ఎందుకు.. ఈ మూడూ చూసుకోవాలి.

చట్టం దేన్ని ఆయుధం అంటుంది?

మన దేశంలో దీనికి మూలం ఆయుధాల చట్టం-1959. దాడికో, ఆత్మరక్షణకో ఆయుధంగా తయారు చేసిన వస్తువులను ఇది ‘ఆయుధాలు’ అంటుంది. తుపాకులతో పాటు పదునైన అంచు ఉన్న ప్రాణాంతక ఆయుధాలూ ఇందులోకి వస్తాయి. అయితే కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైన వాటిని ఇదే నిర్వచనం మినహాయించింది. లాఠీ, మామూలు చేతికర్రలను చట్టమే ఉదాహరణగా చెప్పింది.

కూరగాయల కత్తి, కొడవలి, వక్కలు కత్తిరించే అడకత్తెర, గీత కార్మికుల కత్తి.. ఇవన్నీ పని ముట్లు. వీటిని ఇంట్లోనో పొలంలోనో ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పండ్లు కోసుకోవడానికి వాడే చిన్న మడత చాకు కూడా సాధారణంగా ఈ కోవలోదే.

9 అంగుళాల లెక్క ఏమిటి?

చాలామంది చెప్పే 9 అంగుళాల లెక్క ఆయుధాల నిబంధనల్లోది. కత్తులు, బాకులు, బల్లేలతో పాటు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడు గల కత్తులను అందులో ఒక వర్గంగా చేర్చారు. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైనవి ఇందులోకి రావు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తుపాకీకి లైసెన్సు దేశమంతటా తప్పనిసరి. కత్తుల లాంటి వాటికి మాత్రం కేంద్రం సెక్షన్ 4 కింద నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లోనే లైసెన్సు అవసరమవుతుంది. అలాంటి చోట లైసెన్సు లేకుండా దొరికితే సెక్షన్ 25(1-బి) కింద ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. ప్రత్యేక కారణాలు రాసి కోర్టు శిక్షను ఏడాది కంటే తగ్గించవచ్చు.

కాబట్టి 9 అంగుళాల లోపు ఉన్న ప్రతి కత్తీ క్షేమం అనుకోవడం పొరపాటు.

‘టక్’మని తెరుచుకునే చాకుల సంగతి వేరు

పాత సినిమాల్లో రౌడీ అంటే గళ్ల లుంగీ, మెడలో రుమాలు, చేతిలో ‘టక్’మని తెరుచుకునే చాకు. ఆ చాకుకు పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్. నవాబుల కాలం నుంచి అక్కడి కమ్మరులకు అది పేరు తెచ్చిన వృత్తి. 1990లలో అక్కడి ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన బ్లేడుతో ఈ చాకుల తయారీని కట్టడి చేయడంతో ఆ వృత్తి బాగా దెబ్బతింది. 2023లో అదే ఊళ్లో ఓ కూడలిలో 20 అడుగుల రామ్‌పురి చాకు ప్రతిమను నిలబెట్టారు. ఒకప్పుడు ఊరికి చెడ్డపేరు తెచ్చిందన్న వస్తువే ఇప్పుడు ఊరి గుర్తు.

దిల్లీలో నిబంధన ఇంకా కచ్చితంగా ఉంది. స్ప్రింగుతో, బటన్‌తో లేదా మరే యాంత్రిక పద్ధతిలోనైనా తెరుచుకునే చాకుల్లో బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉంటే 1980 నాటి నోటిఫికేషన్ వర్తిస్తుంది. 7.62 సెంటీమీటర్లు అంటే 3 అంగుళాలే. 2025లో సుప్రీంకోర్టు ఇలాంటి ఒక కేసును కొట్టేసింది. ఆ నోటిఫికేషన్ తయారీ, అమ్మకం, అమ్మకానికో పరీక్షకో దగ్గర ఉంచుకోవడం గురించి చెబుతుండగా, నిందితుడు ఆ పని చేశాడన్న ఆరోపణే ఛార్జిషీటులో లేదన్నది కారణం. తీర్పు ఊరటే. కానీ అది ఎఫ్ఐఆర్ నమోదై, కోర్టుల చుట్టూ తిరిగాక వచ్చిన ఊరట అని మరిచిపోవద్దు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. వెబ్‌సైట్‌లో అమ్ముతున్నారు కాబట్టి జేబులో పెట్టుకు తిరగొచ్చు అని అర్థం కాదు. చేత్తో, గోటితో లాగి తెరిచే మామూలు మడత చాకు వేరు. బటన్ నొక్కగానే దూసుకొచ్చే చాకు వేరు.

ఎక్కడ అస్సలు కుదరదు?

* విమానం: చేతి బ్యాగులో చాకులకు అనుమతి లేదు. చిన్న బ్లేడు ఉన్న మల్టీటూల్‌ కూడా ఆగిపోతుంది. చెక్-ఇన్ లగేజీలో పెట్టుకోవచ్చు. బ్లేడుకు తొడుగు వేసి, బట్టలో చుట్టండి. మొదట్లో చెప్పిన పరిస్థితి ఎదురైతే, సమయం ఉంటే ఎయిర్‌లైన్ కౌంటర్‌కు తిరిగి వెళ్లి లగేజీలో వేయించుకోవచ్చేమో అడగండి. సాగనంపడానికి వచ్చినవాళ్లు బయటే ఉంటే వాళ్ల చేతికివ్వండి. నాన్న చాకు చెత్తడబ్బాలో పడకుండా ఉండాలంటే బయల్దేరే ముందే తాళాల గుత్తి చూసుకోవడం మేలు.
* మెట్రో: హైదరాబాద్‌లో ప్రతి స్టేషన్‌లోనూ బ్యాగు స్కానర్ ఉంటుంది. పదునైన వస్తువులతో లోపలికి వెళ్లనివ్వరు. రోజూ మెట్రోలో ఆఫీసుకు వెళ్లేవాళ్లు జేబులో చాకు అలవాటు మానుకోవాల్సిందే.
* కోర్టులు, అసెంబ్లీ, స్టేడియాలు, పెద్ద ఆలయాలు: తనిఖీ ఉన్న ఏ చోటైనా ఇంతే. తిరుమల వెళ్లేవారి లగేజీని అలిపిరి దగ్గరే స్కాన్ చేస్తారు.
* నిషేధాజ్ఞలు ఉన్న రోజులు: ఎన్నికలు, ఊరేగింపులు, ఉద్రిక్తతల సమయంలో భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 163 కింద (పాత 144) ఆంక్షలు పెడతారు. హైదరాబాద్‌లో సిటీ పోలీసు చట్టం కింద కూడా పోలీసు కమిషనర్ ఉత్తర్వులిస్తారు. కత్తులు, కర్రలతో తిరగొద్దని వాటిలో ఉంటే, మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని చాకు కూడా ఆ రోజు ఉల్లంఘనే.

కిర్పాన్‌కు మినహాయింపు ఎందుకు?

కిర్పాన్ ధరించడం సిక్కు మత ఆచరణలో భాగమని రాజ్యాంగంలోని 25వ అధికరణ వివరణే చెబుతోంది. 2022 మార్చిలో పౌర విమానయాన భద్రతా విభాగం దేశీయ విమానాల్లో సిక్కు ప్రయాణికులకు కిర్పాన్‌ను అనుమతించింది. బ్లేడు 6 అంగుళాలకు, మొత్తం పొడవు 9 అంగుళాలకు మించరాదు. అంతర్జాతీయ ప్రయాణానికి ఇది వర్తించదు.

మన పెళ్లిళ్లలో కొన్ని కులాల ఆనవాయితీ ప్రకారం పెళ్లికొడుకు చేతిలో చిన్న కత్తి పట్టుకుంటాడు. దానికి ఇలాంటి ప్రత్యేక మినహాయింపు లేదు. మండపంలో ఎవరూ అడగరు. పెళ్లి బృందం విమానంలో వెళ్తుంటే మాత్రం అది చెక్-ఇన్ లగేజీలోకి వెళ్లాలి.

గొడవలో బయటకు తీస్తే?

అసలు ప్రమాదం ఇక్కడే. ‘‘ఆత్మరక్షణకు ఉంచుకున్నా’’ అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ మడత చాకును పని ముట్టు అని కాపాడేది దాని అవసరమే. ఆత్మరక్షణ కోసం అని మీరే చెబితే అది ఆయుధం అని మీరే ఒప్పుకున్నట్టు అయ్యే వీలుంది.

భారతీయ న్యాయ సంహిత ప్రకారం చేత్తో కొట్టి గాయపరిస్తే సెక్షన్ 115(2) కింద ఏడాది వరకు జైలు. అదే గాయం కత్తితో చేస్తే సెక్షన్ 118(1) కింద మూడేళ్ల వరకు. చంపుతానని బెదిరిస్తే గాయమేమీ కాకపోయినా సెక్షన్ 351(3) కింద ఏడేళ్ల వరకు పడవచ్చు. పార్కింగ్ దగ్గర మొదలైన మాటామాటా జేబులోని 3 అంగుళాల ఇనుముతో జీవితాన్ని మార్చేస్తుంది.

పుట్టినరోజు కేకును తల్వార్‌తో కోసి రీల్స్ పెట్టి కేసుల్లో ఇరుక్కున్నవారు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. సరదాకే అయినా వీడియో సాక్ష్యంగా మిగిలిపోతుంది.

పోలీసులు ఆపితే?

వాదనకు దిగొద్దు. చాకు ఉందని ముందే చెప్పండి, మీరుగా జేబులోంచి తీయొద్దు. ఎందుకు ఉందో ఒక్క మాటలో చెప్పండి. స్వాధీనం చేసుకుంటే, ఏం తీసుకున్నారో జాబితా రాయాలి. ఆ ప్రక్రియను ఆడియో-వీడియోలో రికార్డు చేయాలని సురక్ష సంహిత సెక్షన్ 105 చెబుతోంది. అరెస్టు చేస్తే కారణం తెలుసుకునే హక్కు, ఇంటివాళ్లకు సమాచారం వెళ్లే హక్కు మీకున్నాయి.

సేకరించే అలవాటు ఉంటే..

తాతల నాటి చాకులు, రకరకాల పిడుల కత్తులు సేకరించేవారు మన నగరాల్లోనూ ఉన్నారు. ఇనుముతో మన బంధం చిన్నది కాదు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఇలాంటి ఉక్కే ఆధారం.

సేకరణలో ఇవి గుర్తుంచుకోండి:

* కొన్న బిల్లు దాచండి. వారసత్వంగా వచ్చినదైతే ఫొటో తీసి, ఎవరి నుంచి వచ్చిందో రాసి పెట్టుకోండి.
* వందేళ్లు దాటిన వస్తువుకు పురావస్తువుల చట్టం-1972 వర్తించవచ్చు. అలాంటి దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న తమ్ముడికి తాతగారి బాకు పంపాలనుకుంటే ముందు పురావస్తు శాఖను అడగండి.
* తోలు తొడుగులో ఏళ్ల తరబడి ఉంచొద్దు. తోలు తేమ పట్టి బ్లేడుకు తుప్పు తెస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.
* కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. వంటనూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది.
* పిల్లలకు అందని చోట, తాళం వేసి ఉంచండి.

విదేశాలకు వెళ్తున్నారా?

బ్రిటన్‌లో 3 అంగుళాల లోపు బ్లేడుతో, లాక్ పడని మడత చాకునే కారణం లేకుండా వెంట ఉంచుకోవచ్చు. మిగతా వాటికి సరైన కారణం చూపలేకపోతే నాలుగేళ్ల వరకు జైలు. జపాన్‌లో 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడును సరైన కారణం లేకుండా వెంట పెట్టుకోవడం నేరం. అమెరికాలో రాష్ట్రానికో చట్టం. విశ్వవిద్యాలయాల క్యాంపస్ నిబంధనలు చాలాచోట్ల ఇంకా కఠినం. పచ్చళ్ల సీసాలతో పాటు చాకు కూడా సర్దే అమ్మానాన్నలు ఇది గమనించాలి.

బయల్దేరే ముందు మూడు ప్రశ్నలు

1. ఇది పనికోసం తయారైన మామూలు మడత చాకేనా? బటన్, స్ప్రింగ్ ఉంటే ఇంట్లోనే ఉంచండి.
2. ఈ రోజు వెళ్లే చోట తనిఖీ ఉందా, నిషేధాజ్ఞలు ఉన్నాయా? ఉంటే ఇంట్లోనే ఉంచండి.
3. ఎందుకు వెంట ఉంది అని అడిగితే వెంటనే చెప్పగల పని ఉందా? లేకపోతే ఇంట్లోనే ఉంచండి.

తోటకో, పిక్నిక్‌కో వెళ్తూ పండ్లు కోయడానికి చాకు తీసుకెళ్లడం తప్పేమీ కాదు. ఆ పని అయ్యాక దాన్ని తిరిగి సొరుగులో పెట్టడం మాత్రం మరిచిపోవద్దు. చాలామంది చిక్కుల్లో పడేది చాకు వల్ల కాదు, అది జేబులో ఉందన్న సంగతి మరిచిపోవడం వల్లే.