బుద్ధిని కొలిచే కొలబద్ద ఎవరిది?



అమెరికాలో 4 కోట్ల మందికి పైగా ఇంట్లో మాట్లాడుకునే భాష స్పానిష్. వీరిలో మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల నుంచి పొలం పనులకు, హోటల్ పనులకు, ఇళ్లు కట్టే పనులకు వలస వచ్చినవారు చాలామంది. అలాంటి మనిషికి తలకు దెబ్బ తగిలినా, వయసు మీద పడి మతిమరుపు వచ్చినా డాక్టరు స్కానింగుతో ఆగడు. జ్ఞాపకం, ఏకాగ్రత, మాట, లెక్క ఎలా ఉన్నాయో ప్రశ్నలడిగి మార్కులు వేసే పరీక్ష చేయిస్తాడు. జబ్బు ఉందా లేదా, వైకల్యానికి ప్రభుత్వ సాయం అందుతుందా అనేవి చాలావరకు ఈ మార్కుల మీద ఆధారపడతాయి. బుద్ధిమాంద్యం ఉన్నవారికి మరణశిక్ష వేయరాదని 2002లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, కొందరు ముద్దాయిల ప్రాణం కూడా ఈ మార్కులతో ముడిపడింది.

ఇంతకీ ఆ పరీక్షలు ఎవరి కోసం తయారయ్యాయి? ఎక్కువ భాగం ఇంగ్లీషు మాట్లాడే, బడిలో చదువుకున్న అమెరికన్ల కోసం. అయితే స్పానిష్‌లోకి తర్జుమా చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అంత సులువు కాదు.

అంకెలు చదివి తిరిగి చెప్పమనే పరీక్షనే తీసుకోండి. ఇంగ్లీషులో 1 నుంచి 9 వరకు సెవెన్ ఒక్కటే రెండు విడతల్లో పలుకుతాం, మిగతావన్నీ ఒక్క విడతే. స్పానిష్‌లో ఊనో, క్వాత్రో, సింకో, సియేతే, ఓచో, నువేవే అంటూ ఆరు అంకెలకు రెండేసి విడతలు. అంకెల పేర్లు పొడవైన కొద్దీ ఒకేసారి గుర్తుండే అంకెలు తగ్గుతాయని ఇంగ్లీషు, స్పానిష్, హీబ్రూ, అరబిక్ భాషలను పోల్చిన 1986 నాటి అధ్యయనం తేల్చింది. అంటే ఇంగ్లీషువాడి లెక్కతో చూస్తే స్పానిష్‌వాడికి జ్ఞాపకశక్తి తక్కువన్నట్టు కనిపిస్తుంది. మన ఎనిమిది, తొమ్మిది పలికి చూడండి! మనం ఫోన్ నంబరు ఇంగ్లీషులోనే చెప్పుకోవడానికి ఇదీ ఒక కారణమేమోనని నా అనుమానం.

బొమ్మ చూపించి పేరు అడిగే 60 బొమ్మల 'బోస్టన్' పరీక్ష ఒకటుంది. అందులో బీవర్ అనే నీటి జంతువు, ఓక్ చెట్టు కాయ, ప్రెట్జెల్ అనే మెలికల రొట్టె ఉంటాయి. వాటిని ఎన్నడూ చూడనివాడు పేరు చెప్పలేకపోతే అది మెదడు లోపమా? పైగా స్పానిష్ అంతటా ఒకే మాట ఉండదు. గాలిపటాన్ని మెక్సికోలో పాపలోతే అంటారు, పోర్టోరికోలో చిరింగా, స్పెయిన్‌లో కొమేతా. జవాబుల కాగితంలో ఒక్క పేరే ఉంటే మిగతా ఇద్దరూ తప్పినట్టే. సొరకాయ అనేవాడికి, ఆనపకాయ అనేవాడికి మధ్య మార్కుల తేడా వస్తే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

అసలు మాటలే లేకుండా బొమ్మలతో పెడితే? 1940లోనే రేమండ్ కాటెల్ అనే శాస్త్రవేత్త సంస్కృతి అంటని పరీక్ష అంటూ ఒకటి తయారుచేశాడు. కానీ 1980ల చివర కొలంబియాలో ఆర్డీలా, రొసెల్లీ బృందం చదువురాని ఆరోగ్యవంతులను పరీక్షిస్తే, బొమ్మ చూసి గీయడంలో కూడా చదువుకున్నవారి కంటే బాగా వెనుకబడ్డారు. పెన్సిలు పట్టి గీత గీయడం, కాగితం మీది గీతల్లో పెట్టెను చూడగలగడం బడి నేర్పే విద్యలు. కొత్త మనిషి ముందు, మూసిన గదిలో, గడియారం పెట్టి 'త్వరగా చెప్పు' అంటే అదేమీ వింత కాదనుకోవడం కూడా బడి నేర్పేదే. మనకు యూనిట్ టెస్టుల నుంచే అది అలవాటైపోయింది. మన అమ్మానాన్నల్లో ఎంతమందికి ఆ అలవాటు ఉంది?

దీనికి విరుగుడుగా వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది మెక్సికోలో ఓస్ట్రోస్కీ, ఆర్డీలా, రొసెల్లీ తయారుచేసిన 'న్యూరోప్సీ'. 1999లో వచ్చిన ఆ పరీక్షకు 800 మంది మార్కులు ఆధారం. బడికే వెళ్లనివారికి ఒక పట్టిక, 1 నుంచి 4 ఏళ్లు చదివినవారికి ఒకటి, ఆ పైవారికి వేరే పట్టికలు. బడి మొహం చూడని మనిషిని బడి మొహం చూడనివారితోనే పోలుస్తారు.

అలాగని మార్కులు ఉదారంగా వేయడమే న్యాయం అనుకోకూడదు. 1968లో పోర్టోరికోలో వెలువడిన స్పానిష్ వెక్స్లర్ పరీక్షకు ఉలటా జబ్బు. దాని పట్టిక తక్కువ చదువున్న జనం ఎక్కువగా ఉన్న రోజులనాటిది. అందుకే ఇంగ్లీషు పరీక్షతో పోలిస్తే అందులో మార్కులు బాగా ఎక్కువ వచ్చేవి. నిజంగా సాయం కావలసినవాడు కూడా బాగానే ఉన్నాడని తేలే ప్రమాదం అది. దాన్ని సవరించిన కూర్పు 2008లో గాని రాలేదు, 40 ఏళ్లకు! ఆ తరువాత పని కాస్త ఊపందుకుంది. 2015లో 11 లాటిన్ అమెరికా దేశాల్లో దాదాపు 4 వేల మందితో, 2021లో అమెరికా-మెక్సికో సరిహద్దు ప్రాంతపు స్పానిష్‌వారితో కొత్త పట్టికలు వెలువడ్డాయి.

ఈ గొడవ మన ఇంటిదాకా కూడా వస్తుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాది బృందం ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక మతిమరుపు పరీక్షను తెలుగుకు తగ్గట్టు మార్చి వాడింది. వారు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి మతిమరుపు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించారు. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది.

కాబట్టి మీ తాతనో, నాయనమ్మనో ఇలాంటి పరీక్షకు తీసుకెళ్తే ముందుగానే మూడు సంగతులు డాక్టరుకు చెప్పండి: ఇంట్లో మాట్లాడే భాష ఏది, ఎన్నేళ్లు చదివారు, ఏ పని చేసి బతికారు. ఏ పట్టికతో పోలుస్తున్నారని అడగండి. ప్రశ్నలు మీరే తర్జుమా చేయాల్సి వస్తే అడిగినంతే చెప్పండి, జాలిపడి జవాబు అందించకండి.