సురభి మల్లభూపాలుని నీడలో ఎలకూచి బాలసరస్వతి

ఇప్పటి నాగర్‌కర్నూల్‌కు దక్షిణంగా, కృష్ణాతీరం దాకా విస్తరించిన ప్రాంతంలో జటప్రోలు సంస్థానాన్ని సురభి వంశపు ప్రభువులు పాలించారు. గద్వాల, వనపర్తి సంస్థానాల వలెనే ఇదీ కవిపండితులకు ఆదరువుగా నిలిచింది. ఈ వంశానికి చెందిన మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయం’ అనే ప్రబంధాన్ని రచించాడు. పదిహేడో శతాబ్దిలో ఈ ఆస్థానాన్ని ఆశ్రయించి, మహామహోపాధ్యాయ బిరుదుతో వెలిగిన ఎలకూచి బాలసరస్వతి, సాహిత్య చరిత్రలో మొదటి వరుసలో కనిపించకపోయినా, రాజాశ్రయం ఒక కవికి ఏమిచ్చి ఏమి పుచ్చుకున్నదో తెలుసుకోవడానికి చక్కని ఉదాహరణ.

రామాయణ, భాగవత, భారత కథలు మూడూ ఒకే పద్యంలో ధ్వనించే త్ర్యర్థి కావ్యంగా ఆయన ‘రాఘవ యాదవ పాండవీయం’ రచించాడు. అంతకుముందు పింగళి సూరన రెండు కథలతో చేసిన ప్రయోగాన్ని ఇది మూడింటికి పెంచింది. నన్నయ పేర ప్రచారంలో ఉన్న, సంస్కృతంలో రాసిన తెలుగు వ్యాకరణ సూత్రాలైన ‘ఆంధ్రశబ్దచింతామణి’కి బాలసరస్వతి టీక, అంటే అర్థవివరణ, రాశాడని అదే కాలపువాడైన కాకునూరి అప్పకవి చెప్పాడు. ‘రంగకౌముది’ అనే నాటకం కూడా ఆయన రచనల పట్టికలో కనిపిస్తుంది కానీ, దానికి నేడు పేరే మిగిలింది.

ఆశ్రయదాత ముద్ర స్పష్టంగా కనిపించే గ్రంథం ‘మల్లభూపాలీయం’. భర్తృహరి నీతి, శృంగార, వైరాగ్య శతకాలకు ఇది తెలుగు అనువాదం. ఇందులో ప్రతి పద్యమూ సురభి మల్లభూపాలుని సంబోధించే మకుటంతో ముగుస్తుంది. నీతి శతకంలో ఆయన బృహస్పతి, శృంగారంలో మన్మథుడు, వైరాగ్యంలో పాండిత్యానికే అలంకారం. ఈ మకుటానికి 11 అక్షరాలు పోతాయి గనుక, 19 అక్షరాల శార్దూలంలో చివరి పాదానికి 8, 20 అక్షరాల మత్తేభంలో 9 మాత్రమే భర్తృహరి భావానికి దక్కుతాయి. పైగా ఆ పాదపు యతిస్థానం ‘మల్లా’ అన్న పిలుపులోని రెండో అక్షరం మీద పడుతుంది కాబట్టి, పాదాన్ని దానితో మైత్రి కుదిరే అక్షరంతోనే ఎత్తుకోక తప్పదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య మూడు శతకాలనూ పూర్తిచేయడం సామాన్యమైన పని కాదు.

పోషకుని పేరుతో ముడిపడిన కవిజీవితం ఒక్క మన సంస్థానాలకే పరిమితమైనది కాదు. స్కాట్లాండ్‌కు చెందిన కవి, నాటకకర్త జోసెఫ్ మిచెల్ (మరణం 1738) బ్రిటన్ మంత్రి రాబర్ట్ వాల్పోల్‌ను ఆశ్రయించి ‘వాల్పోల్ కవి’గానే పేరుపడ్డాడు. ఆయన పేర వెలువడిన విషాదాంత నాటకం అసలు రచన ఆరన్ హిల్‌దని చెబుతారు. మిచెల్‌తో పోలిస్తే బాలసరస్వతికి ఆశ్రయం వల్ల స్వతంత్ర కీర్తి తగ్గలేదు. త్ర్యర్థి కావ్యం ఆయన పాండిత్యానికి సాక్ష్యంగా నిలిచింది.

అయితే భర్తృహరి సుభాషితాలను తెలుగులో కంఠస్థం చేసినవారిలో ఎక్కువమంది నేర్చుకున్నది, మకుటం పెట్టకుండా నాలుగు పాదాలనూ భావానికే వినియోగించిన ఏనుగు లక్ష్మణకవి అనువాదాన్ని. ప్రభువు కోసం విడిచిన ఆ 11 అక్షరాలు అనువాదకుని చేతులు కట్టేశాయి. సురభి మల్లభూపాలుని పేరును నేటి పాఠకునికి చేర్చినవి కూడా అవే.