రంగుల వెనుక రోజులెన్ని?

బొమ్మలు వేసేవారిని మెచ్చుకోవడం మనకు బాగానే తెలుసు. కానీ ఆ పనికి కూలి ఎంత అన్న మాట వచ్చేసరికి నోరు పెగలదు. క్రిస్మస్‌కు మందిరంలో లైట్లు కట్టినవానికి, షామియానా వేసినవానికి లెక్క ప్రకారం ఇస్తాం. వేదిక వెనుక తెరమీద బేత్లెహేము బొమ్మ వేసిన యువకునితో మాత్రం "నీకున్న తలాంతే గదా బాబూ, సేవగా చెయ్యి" అంటాం. అతడు మూడు రాత్రులు మేల్కొన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాదు.

కాళహస్తి గుడ్డ చెప్పే లెక్క

తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తిలో తయారయ్యే కలంకారీని గమనించండి. ముడి నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వలన రంగు పక్కకు పాకదు. చింతబొగ్గుతో బొమ్మ గీసి, కొనకు పైగా ఉన్నిగుడ్డ చుట్టిన వెదురు కలంతో గీతలు దిద్దుతారు. ఆ నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో రోజుల తరబడి నానవేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, ఆరబెట్టి, పారే నీటిలో ఉతికి, రంగు చెక్కలతో ఉడికిస్తారు. తరువాత మళ్లీ పాలలో ముంచి పసుపు, నీలం అద్దుతారు. ఎండ కాయకపోతే పని ఆగిపోతుంది. ఒక గీత తప్పితే చెరపడానికి వీలుండదు.

ఇటువంటి గుడ్డకు 20 రోజులు పట్టిందనుకోండి. మనం బేరమాడి 6,000 రూపాయలకు తెచ్చుకుంటే రోజుకు 300. అందులోనుండి గుడ్డ, పాలు, రంగులు, వంటచెరకు ఖర్చు తీసివేయండి. మధ్యలో వ్యాపారి ఉంటే అతని వాటా కూడా తీసివేయండి. మిగిలినదానితో మీ ఇంటికి తాపీమేస్త్రీ పనికి వస్తాడా? పైగా అదే బొమ్మను స్క్రీన్ ప్రింటు వేసి, కలంకారీ పేరుతోనే చౌకగా అమ్ముతున్నారు. తేడా తెలియని మనం ఆ ధర చూపించి ఈయనతో బేరమాడుతున్నాం.

మెప్పు ఒక్కటే చాలలేదు

గత శతాబ్దం మధ్యనాటికి కొనేవారు తగ్గి ఈ పని అంతరించే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారు పూనుకోగా 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అందులో నేర్పారు. ఆయన కుమారుడు గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించింది. 2005-06లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు ఆలయాలలో వ్రేలాడదీసే తెరలు వేసిన చేతులే చీరలు, దుపట్టాలు, గోడ తెరలు వేయడం నేర్చుకున్నాయి. రామాయణ, భారత కథలు గీసిన కలాలు కోరినవారికి క్రీస్తు జీవిత ఘట్టాలనూ గీశాయి. నేర్పే చోటు, కొనే చేతులు రెండూ దొరికినందువలననే ఆ కుటుంబాలలో కొన్నయినా పనిలో నిలిచాయి.

మన ఇళ్లలో ఏమి చేయగలం?

మీ అబ్బాయో అమ్మాయో బొమ్మల మీద బ్రతుకుతానంటే వెంటనే కసరవద్దు. అలాగని కళ ఉంటే చాలు, అన్నీ అవే వస్తాయని కూడా చెప్పవద్దు. ఒక నోటుపుస్తకం కొనిచ్చి, ప్రతి బొమ్మకు పట్టిన గంటలు, అయిన ఖర్చు వ్రాయడం అలవాటు చేయండి. ధర చెప్పేటప్పుడు తడబడకుండా ఆ పుస్తకమే ధైర్యమిస్తుంది. పని మొదలుపెట్టకముందే కొంత బయానా అడగడం తప్పు కాదని నేర్పండి. ఆదాయం నిలకడగా వచ్చేవరకు వేరొక పని చేసుకుంటే కళకు ద్రోహం చేసినట్లు కాదు.

ఉచితంగా ఇవ్వడం మంచిదే. అయితే ఇవ్వాలో వద్దో తేల్చుకోవలసినది ఇచ్చేవాడు. పుచ్చుకునేవాళ్లం మనం తేల్చకూడదు. ఈసారి తెర వ్రాయించేటప్పుడు సంఘపు ఖర్చుల పట్టికలో లైట్లు, షామియానాల క్రింద ఇంకొక వరుస చేర్చండి. అతని చేతిలో డబ్బు పెట్టండి. దానిని కానుకగా తిరిగి వేయాలనుకుంటే అతడే వేస్తాడు. తెర మూలన అతని పేరు వ్రాసుకోమని కూడా చెప్పండి.