వీధంతటికీ నేలే హీటరు!

కొత్తగా నీళ్ల గొట్టాలొచ్చాయి. ఇంటింటికీ వెచ్చదనం వీధి కింది నుంచే వస్తోంది. అమెరికాలో ఓ పేట సాధించిన ఈ మార్పు వెనక పెద్ద యంత్రాలకంటే ముందు నిలిచింది... ఓ ప్లాను!

మండువేసవిలో బావి నీళ్లు చల్లగా తగులుతాయి. పొగమంచు కురిసే పుష్యమాసంలో అవే నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. నేల లోతుల్లో ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉండటమే కారణం. పల్లెల్లో అందరికీ తెలిసిన ఈ సంగతినే బోస్టన్‌కు 20 మైళ్ల దూరంలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో ఓ పేట మొత్తం వాడుకుంటోంది. 2024 జూన్‌లో మొదలైన ఈ ఏర్పాటుతో అక్కడ 36 భవనాలకు చలికాలంలో వేడి, వేసవిలో చల్లదనం అందుతున్నాయి. వాటిలో మామూలు ఇళ్లతోపాటు తక్కువ ఆదాయం ఉన్నవారి అపార్ట్‌మెంట్లు, ఓ ఫైర్ స్టేషన్ కూడా ఉన్నాయి.

గ్యాస్‌తో గండం

మనకు గ్యాస్ అంటే వంటింట్లో బండ గుర్తొస్తుంది. అక్కడ చాలాచోట్ల కుళాయి నీళ్లలా గొట్టాల్లో వస్తుంది. మంచు పడే రోజుల్లో ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఎన్నో కుటుంబాలకు అదే దిక్కు. కానీ పాత గొట్టాలు తుప్పు పట్టి కారుతుంటాయి. అలా కారే మీథేన్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ని ఎన్నో రెట్లు మించిపోతుంది. ప్రాణాలకూ ముప్పే. 2018 సెప్టెంబరు 13న అదే మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్, ఆండోవర్, నార్త్ ఆండోవర్‌లలో గొట్టాలు మారుస్తుండగా గ్యాస్ పీడనం అదుపు తప్పింది. ఇళ్లలో వరసగా పేలుళ్లు, మంటలు. ఓ కుర్రాడు చనిపోయాడు. 20 మందికి పైగా గాయపడ్డారు. వేల కుటుంబాలు వారాల తరబడి గ్యాస్ లేకుండా గడిపాయి.

ఎలాగూ వీధి తవ్వి గొట్టాలు మార్చాల్సిందే... అలాంటప్పుడు గ్యాస్ బదులు నీళ్లు పారిస్తే పోలేదా అన్న ఆలోచన ‘హీట్’ అనే స్వచ్ఛంద సంస్థది. రాష్ట్రంలో గ్యాస్ ఎక్కడెక్కడ కారుతోందో మ్యాపుల్లో పెట్టి జనానికి చూపించింది కూడా ఆ సంస్థే. విచిత్రమేమిటంటే ఆ ఆలోచనను అందిపుచ్చుకుంది గ్యాస్ సరఫరా చేసే ఎవర్‌సోర్స్ కంపెనీ! కోటీ 2 లక్షల డాలర్ల ప్రయోగానికి 2020లో రాష్ట్ర నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఫ్రిజ్ చేసే పనే!

వీధుల కింద సుమారు మైలు పొడవున గొట్టాలు వేశారు. 600 అడుగులు దాటిన బోర్లు దాదాపు 90 తవ్వారు. మన బోర్లలా వీటిలోంచి నీళ్లు తోడరు. గడ్డకట్టకుండా మందు కలిపిన నీళ్లు గొట్టాల్లోనే లోతుకు దిగి, నేల వేడిని అందుకుని పైకొస్తాయి. ప్రతి భవనంలోనూ కరెంటుతో నడిచే హీట్ పంపు ఉంటుంది. లోపలి వేడిని లాగి వెనకనుంచి వదిలేస్తుంది కదా ఫ్రిజ్... ఈ పంపు చేసేదీ అదే. చలికాలంలో నీళ్లలోని వేడిని ఇంట్లోకి, వేసవిలో ఇంట్లోని వేడిని నీళ్లలోకి పంపుతుంది. వేడిని కొత్తగా పుట్టించే పని లేదు, చోటు మార్చడమే. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. ఒక భవనం వద్దనుకున్న వేడి అదే గొట్టంలో మరో భవనానికి పనికొస్తుంది.

ముందు కాగితం మీద

అయితే ఈ పని ఒక్క ఇంటితో అయ్యేది కాదు. వీధిలో తొమ్మిది ఇళ్లు సరేనని పదో ఇల్లు కాదంటే, ఆ ఒక్కదాని కోసం గ్యాస్ లైను ఉంచాల్సిందే. బోర్లకు చోటెక్కడ? పాత ఇళ్లలో వైరింగ్ ఆ లోడుకు తట్టుకుంటుందా? అద్దెకుండేవాళ్ల బిల్లు పెరుగుతుందా, తగ్గుతుందా? ఇవన్నీ తేలాలంటే ఇంజినీర్లు కావాలి, ఇల్లిల్లూ తిరిగి మాట్లాడేవాళ్లూ కావాలి. వాళ్లకు జీతాలెవరిస్తారు? ప్లాను కాగితాలు చూసి ఏ బ్యాంకు అప్పిస్తుంది?

డబ్బున్నవాళ్లు ఎవరి ఇంటికి వాళ్లు హీట్ పంపు పెట్టుకుని గ్యాస్‌కి సెలవు చెప్పగలరు. గొట్టాల నిర్వహణ ఖర్చు మాత్రం తగ్గదు. అది మిగిలినవాళ్ల బిల్లుల మీదే పడుతుంది. మిగిలేదెవరంటే... మారే స్తోమత లేని పేదలు.

ఆ చిక్కు తీరాలంటే ముందు ప్లానుకు సాయం అందాలి. అమెరికా ఇంధన శాఖ 2023 ఏప్రిల్‌లో చేసింది అదే. ఇలాంటి ఉమ్మడి ఏర్పాట్లకు డిజైన్లు తయారుచేసుకోవడానికి 11 ప్రాజెక్టులను ఎంపిక చేసి, కోటీ 30 లక్షల డాలర్ల గ్రాంటు ప్రకటించింది. షికాగోలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే వెస్ట్ వుడ్‌లాన్, ఆన్ ఆర్బర్‌లో అల్పాదాయ కుటుంబాలుండే బ్రయంట్ పేట, అలాస్కాలోని నోమ్... ఇలా ఒక్కోటీ ఒక్కో తీరు. ఫ్రామింగ్‌హామ్ తన ఏర్పాటును పక్క వీధులకు పెంచుకునే ప్లానుతో ఆ జాబితాలో చేరింది. 2024 డిసెంబరులో నిర్మాణ సాయానికీ ఎంపికైంది.

అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. అదే రాష్ట్రంలోని లోవెల్‌లో మరో కంపెనీ తలపెట్టిన ఇలాంటి ప్రయోగం ఖర్చు అంచనాలు దాటడంతో 2025లో ఆగిపోయింది.

మన ఊళ్ల సంగతి

మన దగ్గరా ఊరిని ఒక యూనిట్‌గా చూసే పథకం ఉంది. పీఎం సూర్యఘర్ కింద జిల్లాకో ఆదర్శ సౌర గ్రామాన్ని ఎంపిక చేసి కోటి రూపాయలివ్వాలని కేంద్రం నిర్ణయించింది. మొత్తం కేటాయింపు 800 కోట్లు. 2024 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన రాష్ట్రాల్లో 5 వేలకు మించిన జనాభా ఉన్న ఊళ్లు పోటీ పడాలి. ఆరు నెలల గడువు ముగిసేసరికి సౌరశక్తి వంటి పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం ఎక్కువ ఉన్న ఊరే గెలిచినట్టు.

అక్కడ ప్లానుకు ముందే డబ్బు, ఇక్కడ పని చూపించాకే బహుమతి. కాబట్టి ఏ ఇంటి డాబా పలకలకు అనువైనది, రేకుల ఇంటివాళ్ల సంగతేమిటి, బడికీ నీళ్ల ట్యాంకు మోటారుకూ ఎంత కరెంటు కావాలి... ఈ లెక్కలన్నీ ఊరే వేసుకోవాలి.

కోటి వస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. రాకముందే కాగితం, కలం పట్టుకుని ఇంటింటి తలుపూ తట్టేవాళ్లు ఉన్న ఊరే ముందుంటుంది!