‘అమెరికన్ గాడ్స్’ చదివి కట్ట మైసమ్మ దగ్గరికి వస్తే

మన్నెగూడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మనం ఒక ఫాంటసీ నవల చదువుదాం. పేరు ‘అమెరికన్ గాడ్స్’. రాసింది నీల్ గైమన్. 2001లో వచ్చింది, హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ గెలిచింది. గైమన్ ఇంగ్లండులో పుట్టి, 1990లలో అమెరికా వెళ్లి స్థిరపడ్డ రచయిత. వలస వెళ్లినవాడికే తట్టే ప్రశ్న ఒకటి ఈ నవలలో ఉంది: మనిషి ఊరు వదిలిపోతే దేవుడు కూడా వెంట వెళ్తాడా? వెళ్తే, అక్కడ ఆయనకి ఎవరు పెడతారు?

కథ చూద్దాం. షాడో అనే అతను జైలు నుంచి బయటికొస్తాడు. అదే సమయానికి భార్య కారు ప్రమాదంలో పోతుంది. వెడ్నెస్‌డే అనే ఒక పెద్దాయన అతన్ని పనిలో పెట్టుకుంటాడు. ఈయన ఎవరో కాదు, ఉత్తర యూరప్ వాళ్ల పాత దేవుడు ఓడిన్. ఇంగ్లీషులో బుధవారానికి ఆ పేరు వచ్చింది ఆయన మీదుగానే. ఇట్లాంటి దేవుళ్లు అమెరికా నిండా ఉన్నారు. ఈజిప్టు దేవుళ్లు శవాలకి అంత్యక్రియలు చేసే దుకాణం నడుపుకుంటున్నారు. ఒకాయన పశువధశాలలో పని చేసి రిటైరయ్యాడు. వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్నారు, వాళ్ల మనవలు మర్చిపోయారు. ఇంకోపక్క టీవీ, ఇంటర్నెట్ లాంటి కొత్త దేవుళ్లు బలిశారు. పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ యుద్ధం రాబోతోంది.

ఇక్కడ రచయిత పెట్టిన రూల్ గుర్తుపెట్టుకోండి. తలుచుకునేవాళ్లు ఉన్నంత కాలమే దేవుడు. నైవేద్యం ఆగితే ఆయన చిక్కిపోతాడు.

ఈ రూల్ మన దగ్గర నిలుస్తుందా? నవలలోనే ఒక సూచన ఉంది. పాత దేవుళ్ల సమావేశానికి మన కాళికాదేవి కూడా వస్తుంది, అందరూ మామాజీ అంటారు. యుద్ధం వద్దని చెప్పేది ఆమే. ఇండియాలో ఉన్న తన రూపానికి ఇంతకన్నా బాగా జరుగుతోందని కూడా అంటుంది. ఒక్క మాటలో వచ్చి పోతుంది కానీ, తెలుగు పాఠకులు ఆగాల్సింది అక్కడే.

పోచమ్మని తీసుకోండి. మశూచి వస్తే మనవాళ్లు ‘అమ్మవారు పోసింది’ అనేవాళ్లు. ఆ జబ్బు ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. జబ్బు పోయింది, పోచమ్మకి బోనం మాత్రం ఆగలేదు. కొత్త దేవుళ్ల సంగతీ అంతే. దసరాకి కంప్యూటర్‌కి కూడా పసుపు కుంకుమ పెడతాం. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గాని కదిలించం. మన రంగారెడ్డి జిల్లాలోనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు, జనం ‘వీసా బాలాజీ’ అంటారు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా వచ్చి అమెరికా వెళ్లినవాళ్లు దేవుణ్ణి దారిలో వదిలేయలేదు. పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి 1970లలోనే కట్టుకున్నారు. అంటే గైమన్ చెప్పిన యుద్ధం మన దగ్గర జరగదు. పాతదీ కొత్తదీ ఒకే పళ్లెంలో సర్దుకుంటాయి.

మరి మనకి ఏ బెంగా లేదా? ఉంది. నవల ముగింపు తెలియకూడదు అనుకునేవాళ్లు ఈ ఒక్క పేరా వదిలేయండి. ఆ యుద్ధం ఒక మోసం. ఇద్దరు పాత దేవుళ్లు కలిసి ఆడించిన నాటకం. పాత–కొత్త గొడవ చూస్తూ నిలబడ్డవాళ్లకి, అసలు పోతున్నది ఏంటో కనపడదు.

మన దగ్గర పోతున్నది ఏంటి? కట్ట మైసమ్మ పేరులోనే ఉంది. కట్ట అంటే చెరువు కట్ట. కట్ట తెగకుండా, ఊరు మునగకుండా కాపలా కాసే తల్లి ఆమె. కట్ట మీద ఆమె ఉందంటే, ఆ కట్టని ఎవరూ తవ్వకూడదు, తూముని మూయకూడదు అని ఊరు తనకు తాను చెప్పుకున్నట్టు. ఇప్పుడు సాగర్ రోడ్డు పొడుగునా చూడండి. ఆదిభట్లలో ఐటీ, విమాన భాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి, చుట్టూ వెంచర్లు లేచాయి. మంచిదే, పిల్లలకి ఉద్యోగాలు కావాలి. కానీ హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్నో చోట్ల గుడికి టైల్స్ వేశాం, మైకు పెట్టాం, ఆషాఢంలో బోనం ఎత్తాం. ఆమె కాపలా కాసిన చెరువుని మాత్రం ప్లాట్లు చేశాం. వాన గట్టిగా పడ్డ రోజు నీళ్లు పాత దారి వెతుక్కుంటూ మన ఇళ్లలోకే వస్తాయి.

గైమన్ దేవుళ్లకి భక్తులు కరువు. మైసమ్మకి భక్తులున్నారు, కాపలా కాయడానికి చెరువు లేదు. నవల మనల్ని ‘ఎవరు గుర్తుపెట్టుకుంటారు’ అని అడుగుతుంది. మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకోటి: ‘ఏం గుర్తుపెట్టుకున్నాం, పేరా, పనా?’

పుస్తకం పూర్తి చేశాక చిన్న పని చేయండి. మీ ఊరి దేవత పేరు రాసుకుని, ఆ తల్లి దేనికి కాపలా ఉండేదో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్లు చూపించిన చోటికి ఒకసారి వెళ్లి రండి. అక్కడ నీళ్లున్నాయో, గోడలున్నాయో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుకుందాం. సెలవు.